రాక్షసుడు అక్కడే... రూల్సే మారాయి!

బల్ల చుట్టూ అయిదుగురు. బల్ల మీద కాగితాలూ పెన్సిళ్లూ, రంగురంగుల పాచికలూ. 'గుహలోకి దిగారు. అంతా చీకటి. ఎదురుగా ఏదో కదిలింది. ఏం చేస్తారు?' అంటాడు ఒకాయన. 'కత్తి దూస్తా' అంటుంది పక్కనున్న అమ్మాయి. ఇరవై ముఖాల పాచిక దొర్లుతుంది. వేటు తగిలిందో లేదో దాని మీద పడిన అంకె చెబుతుంది. బోర్డు తప్పనిసరి కాదు. ఒకరు గెలిచి మరొకరు ఓడడం ఉండదు. నలుగురూ కలిసి కథ అల్లుకోవడమే ఆట. అదే డంజన్స్ అండ్ డ్రాగన్స్. అభిమానులకైతే డి అండ్ డి.

2024లో దానికి యాభై ఏళ్లు నిండాయి. చదరంగం రూల్సు తాతకీ మనవడికీ ఒకటే. ఇక్కడ అలా కాదు. 1980లో ఆడిన తండ్రి, 2014 తర్వాత నేర్చుకున్న కూతురితో ఆడాలంటే ముందు 'ఏ ఎడిషన్?' అన్నది తేల్చుకోవాలి. ఎందుకంటే ఒక పుస్తకంలో చచ్చిపోయే వీరుడు, ఇంకో పుస్తకం ప్రకారం బతికి బట్టకడతాడు!

మూడు చిన్న పుస్తకాలు

1974. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరు. బొమ్మ సైనికులతో యుద్ధాలు ఆడే సరదా ఉన్న గ్యారీ గైగాక్స్, మిన్నెసోటాకు చెందిన డేవ్ ఆర్నెసన్‌తో కలిసి ఈ ఆటను తెచ్చాడు. ఒక్కో ఆటగాడు సైన్యాన్ని కాకుండా ఒకే ఒక్క మనిషిని నడిపించడం ఇందులో కొత్తదనం. డబ్బాలో మూడు సన్నటి పుస్తకాలు, ధర 10 డాలర్లు. టీఎస్ఆర్ అనే వాళ్ల సంస్థ మొదట వెయ్యి సెట్లు అచ్చువేసింది.

నిజం చెప్పాలంటే ఆ పుస్తకాలు చదివి ఆట నేర్చుకోవడం గగనం. అంతకుముందు గైగాక్స్ రాసిన యుద్ధక్రీడ 'చెయిన్‌మెయిల్' తెలిసిన వాళ్లకే సగం సంగతులు అర్థమయ్యేవి. మిగిలిన ఖాళీలను ఎవరికి తోచినట్టు వాళ్లు పూరించుకున్నారు. ఊరికో రూలు పుట్టింది. టోల్కీన్ నవలల్లోని హాబిట్లు కూడా అందులో ఉండేవి. హక్కుదారులు అభ్యంతరం చెప్పడంతో 'హాఫ్‌లింగ్'లుగా పేరు మార్చుకున్నాయి.

ఈ గందరగోళాన్ని సర్దడానికే గైగాక్స్ 1977 నుంచి 1979 వరకూ 'అడ్వాన్స్‌డ్' పేరుతో మూడు లావుపాటి పుస్తకాలు తెచ్చాడు. అందులో కొత్త మాంత్రికుడి పరిస్థితి దయనీయం. ప్రాణశక్తిని లెక్కగట్టే హిట్ పాయింట్లు సాధారణంగా నాలుగుకు మించవు. మంత్రం రోజుకి ఒకటే. అది వేసేశాక ఇక వెనకాల నక్కడమే. స్త్రీ పాత్రలకైతే బలంలో మగవాళ్ల గరిష్ఠ స్థాయిని అందుకోకూడదని రూలే ఉండేది. డ్రాగన్‌లను నమ్మినవాళ్లు బలమైన ఆడమనిషిని మాత్రం నమ్మలేకపోయారన్నమాట! 1989లో వచ్చిన రెండో ఎడిషన్‌లో ఆ రూలు పోయింది.

రెండో ఎడిషన్‌లో పోయింది అదొక్కటే కాదు. ఈ ఆట పిల్లలకు దెయ్యాల పూజ నేర్పుతోందంటూ 1980లలో అమెరికాలో కొందరు తల్లిదండ్రులు, మత సంఘాలు గోల పెట్టాయి. దాంతో కొత్త పుస్తకంలో 'డీమన్', 'డెవిల్' అన్న మాటలు తీసేసి వాటికి నోరు తిరగని పేర్లు పెట్టారు. జీవులు అవే, పేర్లు వేరు.

ఎక్కం వస్తేనే ఆట

రెండో ఎడిషన్ అనగానే పాత ఆటగాళ్లు నవ్వుకునే మాట 'థాకో'. శత్రువు కవచం ఎంత గట్టిదైతే దాని అంకె అంత తగ్గేది. కవచం లేనివాడికి 10. గట్టి కవచం ఉంటే 2, ఒకటి, సున్నా... ఇంకా కిందికి మైనస్‌లు. మీ థాకో 20 అయి, ఎదుటివాడి కవచం 5 అయితే పాచిక మీద 15 పడాలి. అదే కవచం మైనస్ 2 అయితే? 22 పడాలి. పాచికకేమో ఇరవై ముఖాలే. అదనపు బలమో, మంత్రపు కత్తో తోడుంటే తప్ప సాధారణంగా అది తగలదు. లెక్క తప్పేమీ కాదు గానీ కత్తి దూసిన ఊపంతా తీసివేతల్లోనే చల్లారిపోయేది.

టీఎస్ఆర్ అప్పుల్లో కూరుకుపోవడంతో 1997లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ దాన్ని కొనేసింది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ థాకోకి స్వస్తి చెప్పింది. పాచిక వెయ్యి, నీ బలం కలుపు, కవచం అంకెకు సమానమైనా ఎక్కువైనా తగిలినట్టే. అంతే! అసలు విప్లవం మాత్రం ఇంకోటి. 'ఓపెన్ గేమ్ లైసెన్స్' పేరుతో మూల నియమాలను ఎవరైనా వాడుకుని సొంత పుస్తకాలు అమ్ముకోవచ్చన్నారు. ఎందరో చిన్న ప్రచురణకర్తలకు అదే బతుకుతెరువైంది.

2008లో నాలుగో ఎడిషన్ వచ్చేసరికి ఇల్లు రెండుగా చీలింది. యోధుడికీ మాంత్రికుడికీ ఒకే పద్ధతిలో శక్తులు: కొన్ని ఎప్పుడైనా, కొన్ని పోరుకి ఒకసారి, కొన్ని రోజుకి ఒకసారి. గళ్ల పటం లేనిదే పోరు నడవదు. ఎవరికీ అన్యాయం జరగని మాట నిజమే. యుద్ధం వరకు చూస్తే అంత పొందికైన ఎడిషన్ మరొకటి లేదనాలి. కానీ 'ఇది కంప్యూటర్ గేమ్‌లా ఉంది' అని చాలామంది మొహం తిప్పుకున్నారు. పాత లైసెన్స్ ఉంది కదా! పైజో అనే సంస్థ మూడో ఎడిషన్ నియమాలకే మెరుగులు దిద్ది 2009లో 'పాత్‌ఫైండర్' తెచ్చింది. విజార్డ్స్ తెరిచిన తలుపులోంచే పోటీదారు నడిచొచ్చాడు.

దెబ్బతిన్న సంస్థ ఈసారి ముసాయిదాలను ముందే ఆటగాళ్లకిచ్చి, అభిప్రాయాలు తీసుకుని 2014లో అయిదో ఎడిషన్ విడుదల చేసింది. పరిస్థితి అనుకూలమైతే రెండు పాచికలు వేసి పెద్ద అంకె తీసుకోవడం, ప్రతికూలమైతే చిన్నది తీసుకోవడం... ఇలాంటి తేలిక రూల్సు కొత్తవాళ్లకు నచ్చాయి. మాంత్రికుడికి తరగని చిన్న మంత్రాలు దొరికాయి. ప్రాణం సున్నాకి పడిపోయినా వెంటనే చావు లేదు. మూడుసార్లు పాచిక గండం గట్టెక్కిస్తే నిలదొక్కుకోవచ్చు. పాతకాపులకు ఇదే గిట్టదు. చావు భయం లేకపోతే గుహలో చీకటెందుకన్నది వాళ్ల వాదన. 2016లో మొదలైన 'స్ట్రేంజర్ థింగ్స్' సీరియల్‌లో పిల్లలు ఈ ఆట ఆడటం చూసి మరెందరో చేరారు.

మన రాక్షసుడి అవతారాలు

ఈ ఆటలో మనవాళ్లూ ఉన్నారు. 1977 నాటి భూతాల పుస్తకంలోనే 'రాక్షస' ఉన్నాడు. పులి తల, ఒంటి మీద దర్జా కోటు, చేతిలో పొగ గొట్టం! 'మాయాబజార్'లో ఎస్వీ రంగారావును చూసి పెరిగిన కళ్లకు వింతగానే ఉంటుంది. మంత్రించిన బాణం తగిలితే చస్తాడని అందులో రాశారు. మన పురాణాల్లో కాదుగానీ, 1974 నాటి ఓ అమెరికన్ టీవీ సీరియల్‌లో రాక్షసుడు సరిగ్గా అలాగే చస్తాడు. తర్వాతి ఎడిషన్లలో అరచేతులు వెనక్కి తిరిగాయి. ఆ తర్వాత బాణం పోయింది; 2014లో, మంచివాళ్లు పొడిచే మంత్రాయుధానికి రెట్టింపు దెబ్బ తింటాడన్నారు.

దేవుళ్లనూ వదల్లేదు. 1980 నాటి దేవతల పుస్తకంలో ఇంద్రుడికీ అగ్నికీ కూడా హిట్ పాయింట్లు వేశారు. 2002 పుస్తకంలో గ్రీకు, ఈజిప్టు, నార్స్ దేవతలు ఉన్నారుగానీ మనవాళ్లు లేరు. 2022లో మాత్రం పద్ధతి మారింది. బెంగాల్ ఛాయలున్న శంఖభూమి అనే లోకంలో జరిగే సాహసగాథను కోల్‌కతా మూలాలున్న రచయిత్రి మిమీ మొండల్ రాశారు.

లైసెన్స్ లొల్లి

2023 జనవరిలో విజార్డ్స్ పాత లైసెన్స్‌ను రద్దుచేసి, పెద్ద ప్రచురణకర్తల నుంచి రాయల్టీ వసూలు చేయాలనుకుంటోందన్న ముసాయిదా బయటికి పొక్కింది. ఇరవై ఏళ్లుగా దాన్ని నమ్ముకున్నవాళ్లు భగ్గుమన్నారు. ఆటగాళ్లు సంస్థ వెబ్‌సైట్ చందాలు రద్దు చేసుకున్నారు. నెల తిరక్కుండానే సంస్థ వెనక్కి తగ్గి, అయిదో ఎడిషన్ మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కిందికి తెచ్చింది. ఇక వెనక్కి తీసుకునే వీల్లేదు.

2024లో వచ్చిన సవరించిన పుస్తకానికి అందుకే కాబోలు 'ఆరో ఎడిషన్' అని పేరు పెట్టలేదు. 'జాతి' అన్న మాట తీసేసి 'జీవజాతి' అన్నారు, ఆయుధాలకు కొత్త ఒడుపులు చేర్చారు. పాత సాహసగాథలు దీంతోనూ ఆడుకోవచ్చంటున్నారు. మొదటిసారి ఆడే కుటుంబానికి ఇదీ, 2014దీ తేలిక. సంస్థ ఇచ్చే ఉచిత నియమాలు, ఏడు పాచికల సెట్టూ ఉంటే చాలు. నాలుగు హిట్ పాయింట్ల మాంత్రికుడే ముద్దనుకునేవాళ్లకూ లోటు లేదు. అప్పటి నియమాలను తిరగరాసిన 'ఓస్రిక్' అనే పుస్తకం 2006 నుంచీ ఉచితంగానే దొరుకుతోంది. అదీ ఆ ఓపెన్ లైసెన్స్ పుణ్యమే.