అరిగిన బ్రేకు ఇచ్చు హెచ్చరికలు

ఇంజను చెడినచో కారు కదలదు గనుక యజమాని ఆనాడే మెకానిక్కును పిలిపించును. బ్రేకు అరిగినను కారు కదలుచునే యుండును. అందుచేతనే దాని మరమ్మతు వచ్చు నెలకు, పండుగ తరువాతకు వాయిదా పడుచుండును.

2022వ సంవత్సరమున మన దేశములో 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరి. వీనిలో హెచ్చు పాలు మితిమీరిన వేగమువలన జరిగినట్లు లెక్కలు తెలుపుచున్నవి. అట్టి వేగమును అణచవలసినదియు బ్రేకే. కారులోనివారికి బెల్టయిన ఉన్నది. ఎదుట సైకిలుపై పోవు పాలవానికి, రోడ్డు దాటు బడిపిల్లకు ఆ బ్రేకు తప్ప వేరు రక్షణ లేదు.

బ్రేకును 'గతినిరోధకము' అని తెనిగించిన షెడ్డులో ఎవరికిని బోధపడదు. కావున వాడుక మాటలనే గ్రహించితిమి. పెడలును తొక్కగానే గొట్టములలోని బ్రేకు ఆయిలు ఆ ఒత్తిడిని చక్రముల కడకు చేర్చును. అచట ప్యాడులు డిస్కును ఇరువైపులనుండి నొక్కును. డ్రమ్ములున్న చక్రములలో షూలు లోపలినుండి ఒరయును. ఆ రాపిడిచే కారు వేగము వేడిగా మారిపోవును. గంటకు 40 కిలోమీటర్ల వేగము 80 అయినచో అణచవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలగును.

ఈ వేడి సంగతి కొండదారిలో బాగుగా తెలియును. తిరుమలకు 1944లో ఏర్పడిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగానే నేడు కార్లు కొండ దిగుచున్నవి. మలుపు మలుపునకు పెడలును తొక్కిపట్టినచో ప్యాడులు కాగి పట్టు సడలును. పాత ఆయిలైనచో అపాయము మరింత హెచ్చు. డాట్ 3 రకపు కొత్త ఆయిలు 205 డిగ్రీల సెంటిగ్రేడునకు లోపల మరగరాదు. తేమను పీల్చుకొన్న పిమ్మట ఈ హద్దు 140 డిగ్రీల వరకు దిగిపోవచ్చును. మరగినప్పుడు పుట్టు ఆవిరి ఒత్తిడికి అణగిపోవును గాని దానిని చక్రములకు చేర్చదు, పెడలు నేలకంటును. అందుచే సాధారణముగా రెండేండ్లకొకసారి ఆయిలు మార్పించవలెను. దిగునప్పుడు తక్కువ గేరులో దిగవలెను. పెట్రోలు ఆదాయని ఇంజను ఆపి దిగుట ప్రాణాంతకము. ఇంజను ఆగిన కొలదిసేపటికే పెడలు బిగిసిపోవును.

బ్రేకు సాధారణముగా ఒక్కనాటిలో చెడదు. మొదట సన్నని కీచుధ్వని, పిదప ఇనుము ఇనుమును గీరు చప్పుడు వినవచ్చును. తొక్కినప్పుడు కారు ఒక ప్రక్కకు లాగును. పెడలు మెత్తబడును, లేదా రెండు మూడు మారులు తొక్కినగాని పట్టదు. చిత్రమేమనగా, రోజూ నడుపువాడు తనకు తెలియకయే కొంచెము ముందుగా తొక్కుటకు అలవాటు పడును. పొరుగువాడొకనాడు ఆ కారు నడిపినప్పుడే లోపము బయటపడును.

ప్యాడుపై రాపిడి పూత సుమారు 3 మి.మీ.కు తగ్గినచో మార్పించుట మేలు. ఆలస్యము చేసినచో డిస్కు కూడ చెడి ఖర్చు పెరుగును. ఆయిలు మట్టము తగ్గినచో ఊరక నింపి ఊరుకొనరాదు. ప్యాడు అరిగెనో, గొట్టము కారుచున్నదో చూపించవలెను. టైరు గాడులు 1.6 మి.మీ. కంటె లోతు తగ్గినచో మంచి బ్రేకు సైతము తడి రోడ్డుపై కారును నిలుపజాలదు.

మెకానిక్కులకు ఒక మాట. డ్రమ్ము విప్పినప్పుడు లోని ధూళిని నోటితో గాని గాలి పైపుతో గాని ఊదరాదు. ఆస్బెస్టాసు చేరిన లైనింగులు చాలకాలము వాడుకలో నుండెను. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరి ఏండ్ల తరువాత వ్యాధిగా బయటపడును. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయవలెను. బ్రేకు ఆయిలు విషము. దానిని ఎన్నడును నోటితో పీల్చి తీయరాదు, త్రాగునీటి సీసాలలో పోసి ఉంచరాదు.