పాత కారు – తగ్గిన బలము

వయసు మీరిన మనిషి మెట్లెక్కునపుడు ఆయాసపడినచో, ముసలితనమని సరిపెట్టుకొనుట మనకు అలవాటు. మంచి వైద్యుడు అట్లు సరిపెట్టుకొనడు. నాడి చూచును, గుండె వినును, ఒక్కొక్క అనుమానమును తీర్చుకొనుచు అసలు కారణమును చేరును. పాత కారు విషయమునను చేయవలసినది ఇదియే.

ఉదాహరణకు ఎం.జి.బి. అను స్పోర్ట్సు కారును తీసికొందము. ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణమున 1962 మొదలు 1980 వరకు ఐదు లక్షలకు పైగా ఈ బండ్లు తయారైనవి. నేటికిని అనేక దేశములలో వీనిని ముచ్చటపడి నడుపుకొనువారు కలరు. దీని ఇంజనులో నాలుగు సిలిండర్లు. పరిమాణము 1798 సి.సి. ఈ ఇంజను మనకు పరాయిది కాదు. మన అంబాసడరు కారును చిరకాలము లాగిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనుది ఇదే వంశము. కావున ఇచ్చట చెప్పు మాటలు ఇంటి ముందు పాత అంబాసడరును నిలుపుకొన్నవారికిని ఉపకరించును.

మొదట, బలము నిజముగా తగ్గినదా అని చూడవలెను. తొలినాళ్ళలో ఈ ఇంజను నిమిషమునకు 5400 చుట్ల వద్ద 95 అశ్వశక్తుల బలము నిచ్చెడిది. 1975 నుండి అమెరికాకు పంపిన బండ్లకు, అచ్చటి పొగ నిబంధనల మూలమున, రెండు కార్బురేటర్లకు బదులు ఒక్కటే అమర్చిరి. వాని బలము పుట్టుకతోనే తక్కువ. లేనిదానిని వెదకి లాభము లేదు.

పిమ్మట, లోపము ఇంజనుదేనా? బ్రేకు పట్టి విడువనిచో మంచి ఇంజను కూడ ఈడ్వలేదు. కొంత దూరము నడపి ఆపి, చక్రముల దగ్గర చేయి పెట్టి చూచిన, ఒకటి మిగిలినవానికంటె కాలుచున్నచో దోషము అచ్చటనే యున్నది. ఇంజను శబ్దము పెరిగినను వేగము పెరుగనిచో క్లచ్ జారుచున్నదని అర్థము. ఒకరు లోపల కూర్చుండి ఆక్సిలరేటరును పూర్తిగా త్రొక్కగా, మరియొకరు కార్బురేటరు లోపలి రెక్క పూర్తిగా తెరచుకొనుచున్నదేమో చూడవలెను. పాదము క్రింది తివాచీ మడత ఒక్కటే బలమును హరించిన సందర్భములు లేకపోలేదు.

ఇవన్నియు సరిగా నున్నపుడే ఇంజను జోలికి పోవలెను. దానికి కావలసినవి మూడు: గట్టి ఒత్తిడి, సకాలమున నిప్పురవ్వ, తగిన పాళ్ళలో గాలియు పెట్రోలును.

ఒత్తిడినే మొదట పరీక్షింపవలెను. అది లేనిచో మిగిలినవి సరిచేసినను ఫలము లేదు. దానికి ముందు వాల్వుల సందు చూడవలెను. తొలి బండ్లలో ఇంజను చల్లగా నున్నపుడు అది అంగుళములో వెయ్యింట 15 వంతులుండవలెను. సందు తగ్గిన వాల్వు సరిగా మూసికొనక, వేడికి కాలిపోవును. తరువాత ఇంజనును వేడిచేసి, ప్లగ్గులన్నియు తీసి, ఆక్సిలరేటరును పూర్తిగా త్రొక్కి, గేజితో నాలుగు సిలిండర్లను కొలువవలెను. ఒకటి వెనుకబడినచో అందులో కొద్దిగా నూనె పోసి మరల కొలువవలెను. ఒత్తిడి పెరిగినచో రింగులు అరిగినవి. పెరుగనిచో వాల్వులను అనుమానింపవలెను. ప్రక్కప్రక్క సిలిండర్లు రెండును తగ్గినచో నడుమ గాస్కెట్టు కాలియుండవచ్చును.

ఇక నిప్పురవ్వ. 5400 చుట్ల వద్ద ఈ ఇంజనుకు సెకండునకు 180 రవ్వలు కావలెను. వేగము పెరిగినకొలది రవ్వ మరింత ముందుగా పుట్టవలెను. ఈ పనిని డిస్ట్రిబ్యూటరులోని చిన్న బరువులు, స్ప్రింగులు చేయును. అవి త్రుప్పుపట్టి బిగిసినచో, నిలిపిన బండి సాఫీగానే మ్రోగును, రోడ్డెక్కగానే చేతకానిదగును. టైమింగు లైటు పెట్టి వేగము పెంచినపుడు కప్పీ మీది గుర్తు కదలవలెను. కదలనిచో దొంగ దొరికినట్లే. ఈ దోషము ఉపేక్షింపరానిది. ఆలస్యముగా మండిన ఇంజను బలము తగ్గుటయే కాక విపరీతముగా వేడెక్కును.

మూడవది పెట్రోలు. మెల్లగా పోవునపుడు బాగుండి, పొడవైన ఎత్తులో కొంత దూరము పోయి చతికిలబడినచో పంపును, ఫిల్టరును చూడవలెను. ప్లగ్గు మొన రంగు కూడ సాక్ష్యము చెప్పును: లేత గోధుమ రంగు ఆరోగ్యము, నల్లని మసి పెట్రోలు ఎక్కువ, తెలుపు పెట్రోలు తక్కువ. ఈ మూడవది ప్రమాదకరము. పిస్టనుకే చిల్లి పడవచ్చును.

మూడును సరిగా నుండియు బలము రానిచో కామ్ షాఫ్టు అరుగుదలను చూడవలెను. ఎనిమిది వాల్వులును ఎంతెంత లేచుచున్నవో కొలిచిన నిజము బయటపడును.

ఒకమారు మా పాత అంబాసడరు ఘాటు రోడ్డుపై లారీని దాటబోయి సగములోనే నీరసించినది. ఎదురుగా బస్సు. వెనుకకు తగ్గి ప్రాణములు దక్కించుకొంటిమి. అటుపిమ్మట ఒక మెకానిక్కు మాటపై కార్బురేటరు మార్చితిమి, పిదప పంపు మార్చితిమి. ధనము పోయినది గాని బలము రాలేదు. తుదకు ఒక వృద్ధుడు డిస్ట్రిబ్యూటరు మూత తీసి, బిగిసిన బరువులను కడిగి, రెండు చుక్కల నూనె వేసెను. బండి మరునాడే అదే ఘాటును సునాయాసముగా ఎక్కినది.

ఆ దినమున మేము నేర్చిన పాఠము ఇది: కొలువక మార్చిన భాగము కొత్తదైనను దండుగయే. రోగము తెలిసిన పిమ్మటనే మందు. అంతవరకు నిదానమే ప్రధానము.