ఒక జ్వరము చాటున మఱియొక జ్వరము

వానలు కురిసి పత్తిచేలలోను కందిచేలలోను కలుపు పనులు ముమ్మరమగు దినములలోనే మన మర్పల్లి ప్రాంతమున జ్వరములును మొదలగును. ఇంటి యజమాని మంచము పట్టినచో కుటుంబపు పనియంతయు నిలిచిపోవును. కాలమునకు కలుపు తీయని చేనికిని, వాయిదాకు తీరని అప్పునకును మూలము పెక్కుమార్లు పది దినముల జ్వరమే. కావున జ్వరమును గూర్చి మన సభ్యులు తెలిసికొనదగిన యొక ముఖ్యవిషయమును ఇచ్చట వివరించుచున్నాము.

ఒక రోగికి ఒకే సమయమున రెండు జ్వరములు ఉండవచ్చును. రక్తపరీక్షలో ఒకదాని పేరు తేలినంతమాత్రమున రెండవది లేదని నిశ్చయింపరాదు. ఇదియే ఆ విషయము.

రైతునకు ఇది వింతమాట కాదు. కందిచేనిలో ఎండుతెగులు పట్టిన చెట్లును ఉండును, కాయతొలుచు పురుగును ఉండును. పురుగు కంటబడినదని మందు చల్లి ఊరకుండిన ఎండుతెగులు తగ్గునా? మనుష్య శరీరమున జరుగునదియు నిట్టిదే.

ఒకే వాన పలు జ్వరములకు దారి చేయును. తొట్లలోను, పాతటైర్లలోను, కూలరులలోను నిలిచిన నీట పెరిగి పగటివేళ కుట్టు దోమవలన డెంగ్యూ వచ్చును. రాత్రివేళ కుట్టు వేఱొక జాతి దోమవలన మలేరియా వచ్చును. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగునని రోనాల్డ్ రాస్ దొర 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన కనుగొన్నది మన సికింద్రాబాదుననే. ఎలుకల మూత్రముతో కలిసిన బురదనీరు కాలి పుండ్లకు, పగుళ్లకు తగులుటచే ఎలుక జ్వరము, అనగా లెప్టోస్పైరోసిస్, కలుగును. పొదలలోను గడ్డిలోను ఉండు, నల్లి జాతికి చెందిన మిక్కిలి చిన్న పిల్లపురుగు కుట్టుటచే స్క్రబ్ టైఫస్ వచ్చును. స్క్రబ్ అనగా పొద అని అర్థము. (పంటలకు పట్టు ఎఱ్ఱనల్లి వేఱు, ఇది వేఱు.) చెడిన నీటివలన, ఆహారమువలన టైఫాయిడ్ వచ్చును. ఉదయము గట్టుమీది గడ్డి కోసి, మధ్యాహ్నము బురదలో నిలిచి, రాత్రి దోమతెర లేక పరుండు రైతు ఒక్క దినముననే వీనిలో మూడింటికి గుఱియగుచున్నాడు గదా!

ఈ జ్వరములన్నియు మొదటి మూడు నాలుగు దినములు ఒకే తీరుగ నుండును. ఒళ్లు నొప్పులు, తలనొప్పి, వాంతులు అన్నింటను కలవు. రక్తములోని ప్లేట్‌లెట్‌లు తగ్గిన డెంగ్యూయే యని గ్రామములలో గట్టి నమ్మకము కలదు. అది పొరపాటు. మలేరియాలోను, స్క్రబ్ టైఫస్‌లోను, ఎలుక జ్వరములోను ప్లేట్‌లెట్‌లు తగ్గును.

ఒక యుదాహరణమును ఊహింతము. ఒక రైతునకు జ్వరము వచ్చినది. పరీక్షలో డెంగ్యూ అని తేలినది. డెంగ్యూ క్రిమిని చంపు మందు లేదు. నీరు, ద్రవములు తగినట్లు ఇచ్చి కనిపెట్టి యుండుటయే చికిత్స. అట్లే చేసిరి. ఏడు దినములు గడచినను జ్వరము తగ్గలేదు. ఆయాసము మొదలైనది. అప్పుడొక వైద్యుడు రోగి బట్టలు తొలగించి చూడగా, మొలత్రాడు క్రింద సిగరెట్టుతో కాల్చినట్లుండు నల్లని పక్కు కనబడినది. అది నొప్పి పెట్టదు, దురద పెట్టదు; కావున రోగియు ఎఱుగడు. అది స్క్రబ్ టైఫస్ గుర్తు. దానికి మందు కలదు, చవుకగనే దొరకును. కాని వారము దినములు వృథాయైనవి. ఆలస్యమైనకొలది ఊపిరితిత్తులు, మూత్రపిండములు, మెదడు దెబ్బతిని ప్రాణమునకే ముప్పు రావచ్చును.

ఆ మందు డాక్సీసైక్లిన్. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబములో మొదటిదగు ఆరియోమైసిన్ 1948లో వెలువడినది అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలనుండి. అప్పుడక్కడ పరిశోధనలకు అధిపతి 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఎలుక జ్వరమునకును డాక్సీసైక్లిన్ పనిచేయును. ఇంత సులభమైన మందుండియు రోగము గుర్తింపబడక ప్రాణము పోవుట కంటె విచారకరమేమున్నది?

రెండవ జ్వరము కలదేమోయని వైద్యులు అనుమానించు సందర్భములు కొన్ని గలవు. డెంగ్యూ జ్వరము సాధారణముగ ఏడు దినములకు మించదు. మించినచో వేఱొకటి వెదుకవలెను. డెంగ్యూలో తెల్లకణములు తఱచు తగ్గును. అవి మిక్కిలి హెచ్చినచో బాక్టీరియా సంబంధమగు రోగము తోడైనదేమో చూడవలెను. కన్నులు పచ్చబడుట, మూత్రము తగ్గుట, పిక్కలు పట్టుకొనిన ఓర్వలేనంత నొప్పియుండుట, కన్నులు ఎఱ్ఱబడుట ఎలుక జ్వరమును తలపునకు తెచ్చును. స్క్రబ్ టైఫస్‌కు సరియైన మందు పడిన రెండు మూడు దినములలో జ్వరము సాధారణముగ దిగును; దిగనిచో మరల ఆలోచింపవలెను. మలేరియాలోనే రెండు జాతుల క్రిములు ఒకే రోగి రక్తమున నుండుటయు కలదు; రెండింటికిని మందుల వరుస వేఱు.

ఇచ్చట రెండవవైపు హెచ్చరికయు అవసరము. రెండు పరీక్షలు ఉన్నవని తేల్చినంతమాత్రమున రెండు రోగములు ఉన్నట్లును కాదు. శరీరము రోగముతో పోరాడుటకై పుట్టించు ప్రతిరక్షకములు పాతరోగము తగ్గిన పిదపను నెలల తరబడి నిలువవచ్చును. ఒక రోగపు ప్రతిరక్షకము మఱియొక పరీక్షను పొరబాటున పలికింపవచ్చును. టైఫాయిడునకు చేయు వైడాల్ పరీక్ష ఇందుకు పేరు పడినది. పరీక్ష చేయు దినమును ముఖ్యమే. డెంగ్యూకు ఎన్.ఎస్.1 పరీక్ష మొదటి అయిదు దినములలో ప్రయోజనకరము. ప్రతిరక్షకముల పరీక్ష ఆ పిదపనే. స్క్రబ్ టైఫస్ పరీక్ష మొదటి వారమున లేదని చెప్పినను రోగము ఉండవచ్చును. అందుచేత మంచి వైద్యుడు కాగితమును మాత్రమే గాక రోగిని చూచును. అనుమానము బలముగ నున్నచో ఫలితమునకై ఎదురుచూడక మందు మొదలుపెట్టును. 2020లో కరోనా కాలమున భారత ప్రభుత్వమును, కరోనాతోపాటు డెంగ్యూ, మలేరియా, స్క్రబ్ టైఫస్, ఎలుక జ్వరము ఉండవచ్చునని వైద్యులకు సూచనలు పంపినది.

మఱి రైతు చేయవలసినదేమి? రోగమును నిర్ణయించుట వైద్యుని పని. నిర్ణయమునకు సాయపడుట మన పని.

జ్వరము రెండు దినములకు మించినచో, మొదటి దినముననే తీవ్రముగ నున్నచో, వైద్యశాలకు పోవలెను. గడచిన మూడు వారములలో ఏ చేనిలో ఏ పని చేసితిమో, గడ్డి కోసితిమా, పొదలు నఱికితిమా, బురదలో దిగితిమా, ఏ ఊరికి పోయి వచ్చితిమో వైద్యుడు అడుగకున్నను చెప్పవలెను. ఇంటివారు రోగి చంకలు, గజ్జలు, నడుము, మొలత్రాడు చోటు, స్త్రీలకు రొమ్ముల క్రింద, పిల్లలకు చెవుల వెనుకను తలలోను నల్లపక్కు కలదేమో వెదుకవలెను. సిగ్గుపడి చూపక దాచుట ప్రమాదము.

రక్తము తీయకముందే ఊరిలో పేరు తెలియని సూదులు వేయించుకొనరాదు; వానిచే రోగపు జాడ మఱుగుపడును. నొప్పికని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వాడరాదు. డెంగ్యూ ఉన్నచో రక్తస్రావమునకు దారితీయును. జ్వరమునకు పారాసిటమాల్ మాత్రమే, చెప్పిన మోతాదులో వాడవలెను. ప్రతి పరీక్ష కాగితమును, మందుచీటిని తేదీవారీగ ఒక సంచిలో దాచి, పెద్ద వైద్యశాలకు పోవునప్పుడు తప్పక తీసికొనిపోవలెను. అప్పుపత్రములను ఎంత భద్రముగ దాచుదుమో వీనిని అంత భద్రముగ దాచవలెను.

జ్వరము దిగినదని డెంగ్యూ రోగిని వెంటనే చేనికి పంపరాదు. ప్రమాదము తఱచు జ్వరము దిగు సమయముననే వచ్చును. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి రక్తము, చేతులు కాళ్లు చల్లబడుట, మత్తు కనబడినచో 108 బండిని పిలిచి తక్షణము పోవలెను. మర్పల్లిలోని ప్రభుత్వ వైద్యశాలలో మొదట చూపించుకొనవచ్చును. అంతకు మించిన అవసరమునకు వికారాబాదు, తాండూరు ప్రభుత్వ వైద్యశాలలు కలవు. వికారాబాదున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలయు ఏర్పడినది. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాసుపత్రి ఇట్టి రోగములకే ప్రత్యేకింపబడినది.

సోదరులారా, జ్వరమునకు పేరు తెలిసినదన్న తృప్తితో ఊరకుండకుడు. పేరు తెలిసిన పిదప కూడ జ్వరము ఆ పేరుకు తగినట్లు నడచుచున్నదా యని కనిపెట్టుడు. నడువనిచో “అయ్యా, మఱియొకటి కూడ ఉన్నదేమో చూడుడు” అని వైద్యుని వినయముతో అడుగుడు. ఆ యొక్క ప్రశ్న ఒక ఇంటి దీపమును కాపాడవచ్చును.