టండ్రా పక్షులు – ఛాయాచిత్రముల సాక్ష్యము

ఉత్తర ధ్రువమునకు చేరువగా వృక్షములు పెరుగజాలని విశాలమైన బయలు గలదు. దీనిని టండ్రా యందురు. అచ్చట నేల లోపలిభాగము సంవత్సరము పొడుగునను గడ్డకట్టియే యుండును. వేసవిలో పైపొర మాత్రము కరగును. ఆ నీరు లోనికి ఇంకజాలక మడుగులుగా నిలుచుటచే దోమలు, ఇతర కీటకములు అసంఖ్యాకముగా పుట్టును. సూర్యుడు వారముల తరబడి అస్తమింపడు. ఆహారమును వెలుతురును సమృద్ధిగా నుండుటచే దూరదేశముల పక్షులు గ్రుడ్లు పెట్టుటకు అచ్చటికి పోవుచున్నవి.

శీతకాలమున మన చిల్కా సరస్సు ఒడ్డున బురదలో ఆహారము వెదకుకొను, పిచ్చుకంతటి లిటిల్ స్టింట్ పక్షిని మనము అతిథి యనుచున్నాము. దాని పుట్టినిల్లు రష్యా, స్కాండినేవియా దేశముల ఉత్తరపు టండ్రాయే. కావున ఆ దూరపు బయలు చెడినచో మన సరస్సును చిన్నబోవును.

అమెరికాలోని అలాస్కా రాష్ట్రమున ఇట్టి ప్రదేశమొకటి 1960లో వన్యప్రాణుల రక్షణకై కేటాయింపబడి, 1980లో విస్తరింపబడినది. దాని తీరమైదానమున చమురు త్రవ్వగోరిన వారిలో కొందరు అది మంచు తప్ప మరేమియు లేని శూన్యప్రదేశమని వాదించిరి. మన దేశమున జన్మించి అమెరికాకు వెళ్లిన సుభాంకర్ బెనర్జీ 2001, 2002 సంవత్సరములలో అచ్చట అన్ని ఋతువులలోను సంచరించి ఛాయాచిత్రములు తీసెను. గూటిలో పొదుగు పక్షులు, జోడుకై రెక్కలెత్తి నర్తించు పక్షులు అందు గలవు. 2003 మార్చిలో సెనేటు సభ్యురాలు బార్బరా బాక్సర్ ఆయన గ్రంథమును సభలో చూపెను. త్రవ్వకమునకు దారితీయు అంశమును తొలగించు సవరణ 52–48 ఓట్లతో నెగ్గినది. ఆ జయము చిత్రములదే యని మేము చెప్పజాలము; శూన్యమను మాటకు మాత్రము అవి తగిన సమాధానమైనవి.

అయినను అపాయము తీరలేదు. 2017లో ఆ మైదానమును చమురు కౌలునకు తెరచు చట్టము వచ్చినది. అదియునుగాక 1979 నుండి ధ్రువప్రాంతము భూమి సగటుకన్న దాదాపు నాలుగు రెట్లు వేగముగా వేడెక్కినది. మంచు ముందుగా కరగిన యేట కీటకములును ముందుగా పుట్టును. పిల్లలు గ్రుడ్డు వెలువడునాటికి మేత కొరవడును.

చిత్రకారుడును జాగరూకుడై యుండవలెను. టండ్రా పక్షుల గూళ్లు నేలమీదనే యుండును. మనిషి సమీపించిన తల్లి లేచిపోవును. గ్రుడ్లు చల్లబడును, నక్కకు దొరకును. అందుచే దూరముననుండి దూరదృష్టి కటకముతో, ఓర్పుతో తీసిన చిత్రమే మేలైనది.

విద్యార్థులారా! ఈ శీతకాలమున చిల్కా ఒడ్డునకు పోయినప్పుడు పక్షులను బెదరింపక దూరమునుండి చూడుడు. చూచినదానిని తేదీతో వ్రాసి యుంచుడు. ఉన్నదని తెలియని సంపద పోయినను ఎవరికిని తెలియదు.