తోడు గల చదువు

మేధ జన్మతః రావచ్చును గాని శాస్త్రజ్ఞత రాదు. ప్రయోగశాలలో పెద్దల సరసన నిలిచి, తప్పిన ప్రయోగమును మరల మరల చేసి నేర్వవలసిన విద్య యది. ఆ సరసన చోటు దొరకని వారి మాట యేమి?

అమెరికాలో మేరీలాండు విశ్వవిద్యాలయపు బాల్టిమోరు కౌంటీ శాఖలో, 1987లో ఫ్రీమన్ హ్రబౌస్కి యను గణితవేత్త ఉన్నతాధికారిగా చేరెను. ఆయన నల్లజాతి వాడు. 1963లో, పండ్రెండేండ్ల ప్రాయమున, బర్మింగ్‌హామ్ నగరపు పౌరహక్కుల ఊరేగింపులో నడచి చెరసాల చూచినవాడు. విజ్ఞానశాస్త్రములలో చేరిన నల్లజాతి విద్యార్థులు పెక్కురు నడుమనే విరమించుట ఆయన గమనించెను. కొరత బుద్ధిలో లేదు, తోడులో నున్నది. ఒంటరిగా చదివి, తెలియనిది అడుగ సిగ్గుపడువాడు తుదకు ఆ శాస్త్రమే తనకు తగదని తలపోయును.

1988లో మేయర్‌హాఫ్ దంపతుల విరాళముతో ఆయన యొక పథకము నెలకొల్పెను. మరుసటి యేడు 19 మంది నల్లజాతి యువకులు చేరిరి. 1990లో యువతులకును, 1996లో సకల జాతులవారికిని ద్వారములు తెరువబడెను.

పద్ధతి సులభమైనదే. కళాశాల తెరువకమునుపే వేసవిలో అందరు నొకచోట చేరి చదువుదురు. చదువు జట్టుగానే సాగవలెను. ఒకని వెనుకబాటు అందరి బాధ్యత. పట్టభద్రులు కాకమునుపే ఆచార్యుల ప్రయోగశాలలలో పరిశోధన చేయుదురు. ఈ పథకము జాలిపై నిలువలేదు. విద్యార్థినుండి ఉత్తమమునే కోరుటపై నిలిచినది.

ఇది ఆ యొక్క వ్యక్తి ప్రభావమే యని శంకింపవచ్చును. కాని 2013లో పెన్సిల్వేనియా స్టేట్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయములు ఇదే బాట పట్టి సత్ఫలితములు చూపినవి.

కిజ్‌మేకియా కార్బెట్ ఈ పథకమున చదివి 2008లో పట్టభద్రురాలయ్యెను. విద్యార్థినిగా నుండగనే జాతీయ ఆరోగ్య సంస్థలో పరిశోధన నేర్చి, 2014లో డాక్టరేటు పొంది, మరల అచటికే చేరెను. 2020లో కోవిడునకు మోడర్నా టీకాను రూపొందించిన కృషిలో ఆమె ముందు వరుసను నిలిచెను.

ఆమె కథకు మొదటి పుట మాత్రము విశ్వవిద్యాలయమున లేదు. ఆమె నాలుగవ తరగతి చదువునాడు, ఈ బిడ్డ అసాధారణురాలని గుర్తించి తల్లితో చెప్పినది ఒక బడిపంతులమ్మ. పథకములకు విరాళములు కావలెను; ఆ యొక్క మాటకు చూచు కన్ను చాలును.