హోదా ఒకటి, జీతం మరొకటి

యుద్ధంలో గాయపడినవారికి నర్సుల సేవ ఎంత విలువైనదో మనమందరము ఎరుగుదుము. ఆ సేవకు తగిన జీతం వారికి ముట్టినదా? అమెరికా సైన్యపు సంగతి చూద్దాము.

అక్కడి సైనిక నర్సులకు 1920లోనే అధికారుల హోదా లభించెను. భుజముపై గుర్తులున్నవి గాని, అదే హోదాగల పురుషులతో సమానమైన జీతం లేదు. రెండవ ప్రపంచయుద్ధంలో వారు రణరంగమునకు సమీపముననే, గుడారపు ఆసుపత్రులలో పనిచేసిరి. ఫిలిప్పీన్సులో 66 మంది జపాను సైన్యమునకు చిక్కి, 1945 ఫిబ్రవరి వరకు చెరలో నుండిరి. చెరలోను రోగులను విడువలేదు.

1942 డిసెంబరులో ప్రభుత్వం వారి జీతం పెంచెను. 1944 జూన్‌లో నిజమైన అధికారపదవి, దానికి తగిన పూర్తి జీతభత్యములు ఇచ్చెను గాని, అవి యుద్ధకాలమునకును, ఆపై ఆరు నెలలకును మాత్రమే. శాశ్వత పదవి 1947లో గాని రాలేదు.

మన పల్లెలనుండియు ఎందరో ఆడబిడ్డలు నర్సు శిక్షణకు వెళ్లుచున్నారు. ‘సేవ’ అను మంచి మాటను అడ్డుపెట్టి వారికి రావలసినది తగ్గించుట న్యాయము కాదు. వారిని పొగడుట సులభము. నెల తిరుగగానే తగిన జీతం చేతిలో పెట్టుటయే నిజమైన గౌరవమని మేము తలంచుచున్నాము. ఆసుపత్రులు నడుపు సంఘములును దీనిని ఆలోచించవలెను.