మెట్ల రెయిలింగ్ మారుస్తున్నారా? అయస్కాంతాన్ని నమ్ముకోవద్దు

పాతబస్తీలో అరవై, డెబ్బై గజాల్లో రెండు మూడంతస్తులు లేపిన ఇళ్లలో మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. పెద్దవాళ్లకు రెయిలింగే ఆసరా. ఆ ఇనుప రెయిలింగ్‌కు రంజాన్ ముందు ఓ కోటు పెయింట్ వేసి వదిలేస్తారు. జంగు మాత్రం పెయింట్ కింద, మెట్టులో పాతిన కాలు దగ్గర తన పని చేసుకుపోతుంది. కడిగిన నీళ్లు నిలిచేది అక్కడే మరి. రెండు చేతులతో పట్టుకుని ఊపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఊగినంత మాత్రాన మొత్తం మార్చక్కర్లేదు. బోల్టులు వదులైతే బిగించుకోవచ్చు. పైపై జంగును గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, పెయింట్ వేయడం ఇంట్లోవాళ్లే చేసుకోగలరు. కాలునే జంగు తినేస్తే వెల్డర్ రావాల్సిందే. డ్రిల్ మిషన్ అద్దెకు తెచ్చి సొంతంగా బిగించేవాళ్లూ ఉన్నారు. చిక్కేమిటంటే, గ్రానైట్ పరిచిన మెట్టులో బోల్టు రాయిని దాటి కింద కాంక్రీటులోకి దిగాలి. రాయికే బిగిస్తే కొన్నాళ్లు గట్టిగానే అనిపిస్తుంది, మనిషి బరువు పడ్డ రోజు రాయితో సహా లేచి వస్తుంది. అంచుకు మరీ దగ్గరగా రంధ్రం కొట్టినా కాంక్రీటు పగులుతుంది. ఈ పని తెలిసినవాళ్లకు వదిలేయడమే మేలు.

ఇక గొడవంతా లెక్కల దగ్గరే. స్టీలు రెయిలింగ్‌కు చాలామంది రన్నింగ్ ఫీటు లెక్కన రేటు చెబుతారు. కొలత నేల మీదా, ఏటవాలుగానా? 10 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తుతో 12 మెట్లుంటే నేల కొలత 10 అడుగులు, ఏటవాలు కొలత 12 అడుగుల పైనే. రేటు తక్కువని సంబరపడేముందు ఇది అడగాలి.

రెండోది గ్రేడు. 304 స్టీలులో సుమారు 8 శాతం నికెల్ ఉంటుంది. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు, చౌక, కానీ వానకు తడిసేచోట త్వరగా మచ్చలు పడుతుంది. "అయస్కాంతం అంటుకోవట్లేదు, అసలు 304" అనే మాటకు విలువ లేదు. 202కూ సాధారణంగా అంటుకోదు. రెండూ తేల్చడానికి టెస్టింగ్ లిక్విడ్ చుక్క వేసి రంగు చూస్తారు. తన ముందే వేసి చూపమని అడగడంలో మొహమాటం దేనికి?

మందం కూడా అంతే. రెండు అంగుళాల గుండ్రటి పైపు 20 అడుగులు 1.2 మిల్లీమీటర్ల మందమైతే సుమారు 9 కిలోలు, 1.5 అయితే 11 కిలోలు తూగుతుంది. తూకం వేస్తే దాగదు.

గ్రేడు, మందం, కొలత, పాత ఇనుము ఎవరిది, ఇవన్నీ కొటేషన్ కాగితంపై రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వాలి. యజమాని గల్ఫ్‌లో ఉండి ఇల్లాలే పని చేయించే ఇళ్లలో ఈ కాగితం మరీ అవసరం. పాత రెయిలింగ్ కబాడీకి వేస్తే వచ్చే డబ్బు చాలాసార్లు లెక్కలోకే రాదు.

పిల్లలుంటే కడ్డీల మధ్య సందు 4 అంగుళాలు దాటకూడదు, తల ఇరుక్కుంటుంది. అడ్డంగా పెట్టే పైపులు చూడ్డానికి బాగుంటాయిగానీ పిల్లలకు నిచ్చెనలా పనికొస్తాయి. నిలువు కడ్డీలే నయం.

కొత్తది తయారై ఇంటికి చేరాకే పాతది కోయించాలి. లేదంటే వెల్డర్ రేపు మాపు అన్నన్నాళ్లూ మెట్లు బోసిగా ఉంటాయి.